‘తోచింది’ అన్న మాట గురించి

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా చిన్నాన్న నీటిరంగుల బొమ్మలు వేస్తారు. వాటి పరిచయపత్రంలో ఎవరో ‘సహజావబోధాత్మక చిత్రకళ’ అని రాశారు, అంటే ముందుగా ఆలోచించకుండా దానంతట అది మనసుకు తెలిసి వేసే బొమ్మలని. ఆయన రెండుసార్లు చదివి, ‘ఇదేటిరా? నాకేటి తోస్తే అది ఏస్తాను, అంతే కదా’ అన్నారు.

ఆ ‘తోస్తే’ నన్ను వదలడం లేదు. ఆలోచించడానికి కర్త మనమే: ‘నేను ఆలోచించాను’. తోచడం అలా కాదు. ‘నేను తోచాను’ అనం, ‘నాకు తోచింది’ అంటాం. వచ్చేది అది, మనం దాని ఎదుట ఉన్నవాళ్లం. చిన్నాన్న పనీ ఇలాగే సాగుతుంది. పెన్సిలు గీత ఉండదు. ముందు కాగితమంతా తడిపి నీలం పారిస్తారు. మరక ఆరిన చోట ఒకరోజు మహేంద్రగిరి లేస్తుంది, ఒకరోజు మహేంద్రతనయ నది ఒడ్డు. తోచనినాడు కుంచె కడిగేసి లేచిపోతారు. ‘తట్టింది’ అన్నా దగ్గరే గానీ, అది ఉపాయానికి బాగుంటుంది. బొమ్మకి ‘తోచింది’.

— బరంపురం నుంచి: బాగా పట్టుకున్నారండీ. ఒడియాలోనూ ‘మొనొకు జాహా ఆసిలా’ అంటారు, మనసుకు ఏది వస్తే అది. అక్కడా ‘కు’యే! కానీ ఒక్క పేచీ. ‘తోచినట్టు వేస్తారు’ అని రాస్తే, చూసుకోకుండా వేసేస్తారని అర్థం చేసుకుంటారు. పైగా ‘తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట’ అన్న సామెతలో తోచకపోవడమంటే పొద్దుపోకపోవడమే.

— రాయగడ నుంచి: మా వైపు సవరల ఇళ్లల్లో ఇడితల్ బొమ్మలు చూశారా? ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో, వెదురుపుల్ల కుంచెతో వేస్తారు. ఏ బొమ్మ కావాలో కలలో తెలుస్తుందంటారు. వేసేవాడి చెయ్యి మాత్రం ఆషామాషీగా కదలదు. వచ్చేది ఎక్కడినుంచో గానీ, దించేది నేర్చిన చెయ్యే. మీ చిన్నాన్నగారిదీ అంతే అయుంటుంది.

మళ్లీ నేనే. ఇద్దరి మాటా ఒప్పుకుంటున్నాను. పరిచయపత్రంలో ఆ పెద్దమాట తీసేసి, ‘తోచినట్టు’ కాకుండా ‘తోచినవి’ ఉంచుతాను: ‘ఈ బొమ్మలు ఆయనకు తోచినవి. ముందుగా అనుకున్నవి కావు.’ వాడుకమాట కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసినా ఇంట్లో తెలుగు పోలేదు. అలాంటి ఊళ్లో గోడకి తగిలించే కాగితంమీద వేసినవాడికే అర్థంకాని మాట ఉండటం నాకు కష్టంగా ఉంది.

ఇంకొకటి అడగాలి. ఈ క్రియకి ‘తోచడం’ కాకుండా విడిగా నామవాచకం ఏదైనా మీ ఊళ్లల్లో పెద్దవాళ్లు వాడగా విన్నారా? నాకింకా దొరకలేదు.