బ్యాచ్ ఫైళ్ల నుంచి, విండోస్‌లో కమాండ్లు కొట్టే కొత్త పద్ధతి పవర్‌షెల్‌కి రావాలని ఉంది, కానీ ఒకసారి ఫైళ్లు పోగొట్టాక ఎంటర్ నొక్కాలంటే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి ల్యాబ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేట్ కాలేజీలో ఆరేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. రెండు ల్యాబ్‌లు, 62 సిస్టమ్‌లు. డొమైన్ లేదు, అంటే అన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే సర్వర్ లేదు, అన్నీ వర్క్‌గ్రూప్‌లోనే, దేనికదే. ఫోన్‌లో రాస్తున్నాను కాబట్టి కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నా.

బ్యాచ్ ఫైళ్లు, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టుకునే పాత పద్ధతి ఫైళ్లు, కొద్దోగొప్పో వచ్చు. ప్రింటర్ క్యూ ఇరుక్కుపోతే స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టే సర్వీసు) ఆపి, ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేసే మూడు లైన్ల ఫైలు నేనే రాసుకున్నా. రికార్డులు ప్రింట్ తీసే వారంలో పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే అర నిమిషంలో పేపరు బయటికొచ్చేది. ఈ పని మీద నాకు ఇష్టం పుట్టింది అక్కడే.

మార్చిలో మాత్రం పెద్ద తప్పు జరిగింది. బ్యాకప్ కోసం కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఇచ్చారు. రోబోకాపీకి (విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే కమాండ్) ఎంఐఆర్ స్విచ్ పెట్టి, అంటే రెండోదాన్ని మొదటిదానిలాగే చేసేయమని, రన్ చేశాను. ముందు రాయాల్సింది డి డ్రైవ్, తర్వాత ఇ డ్రైవ్. నేను తారుమారుగా రాశా. ఖాళీ డిస్కుని అసలుదనుకుని, డి లోని ప్రాజెక్టుల ఫోల్డర్‌ని కూడా దానిలాగే ఖాళీ చేసేసింది. స్క్రీన్ మీద ‘ఎక్స్‌ట్రా ఫైల్, ఎక్స్‌ట్రా ఫైల్’ అని లైన్లు పరిగెడుతుంటే కాపీ అవుతోందనుకుని చూస్తూ కూర్చున్నాను. మూడు వారాల పని పోయింది. బిట్రగుంట నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకతె ఉంది, ఇంట్లో కంప్యూటర్ లేదు, చేసిందంతా ల్యాబ్‌లోనే. ఆ పిల్లకి చెప్పేటప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు పవర్‌షెల్ నేర్చుకుందామని కూర్చుంటే ప్రతిదీ కొత్తగా ఉంది. డిర్ (ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపే కమాండ్) పనిచేస్తుంది, లోపలి ఫోల్డర్లు కూడా చూపమని డిర్ స్లాష్ ఎస్ అంటే మాత్రం ఎర్రగా ఎర్రర్ వస్తుంది. స్క్రిప్టు రన్ చేయబోతే స్క్రిప్టులు డిజేబుల్ అయి ఉన్నాయంటుంది. ఏ స్క్రిప్టులు నడవొచ్చో చెప్పే ఎగ్జిక్యూషన్ పాలసీని అన్‌రెస్ట్రిక్టెడ్ చేసేయమని ఒకరు చెప్పారు, చేయొచ్చా? నాకు వెంటనే కావాల్సింది ఒకటే. సి డ్రైవ్‌లో 10 జీబీ కన్నా తక్కువ ఖాళీ ఉన్న సిస్టమ్‌లు ఏవో, కుర్చీలో కూర్చునే తెలియాలి. ఇప్పుడైతే 62 సిస్టమ్‌ల చుట్టూ తిరుగుతున్నా.

ఒంగోలు సర్వర్ రూమ్

అమ్మా, ముందు ఆ పాలసీ సంగతి. అన్‌రెస్ట్రిక్టెడ్ వద్దు. రిమోట్‌సైన్డ్ పెట్టు, స్కోప్ కరెంట్‌యూజర్ అని ఇవ్వు. నువ్వు రాసుకున్నవి నడుస్తాయి, నెట్ నుంచి దింపినవి సంతకం లేకపోతే ఆగుతాయి. కావాలని పాడు చేసేవాణ్ణి ఇది ఆపలేదు. పొరపాటున నడిచిపోకుండా కాపాడుతుంది, అంతే. నీకు కావాల్సింది కూడా అదే.

డిర్ విషయం. పవర్‌షెల్‌లో డిర్ అనేది గెట్-చైల్డ్‌ఐటమ్‌కి పెట్టిన మారుపేరు మాత్రమే. పాత డిర్ కాదది. అందుకే స్లాష్ ఎస్ అనగానే స్విచ్ అనుకోదు, ఎస్ అనే ఫోల్డర్ కోసం వెతికి లేదంటుంది. అక్కడ రికర్స్ అని రాయాలి. ఇలాంటిదే ఇంకోటి, దీంతో నేను ఒక పూట పోగొట్టుకున్నా. సర్వీసు సంగతి చూద్దామని పాత అలవాటు కొద్దీ ‘ఎస్‌సి క్వెరీ స్పూలర్’ అని కొట్టాను. జవాబు లేదు, ఎర్రరూ లేదు. తర్వాత చూస్తే ఆ ఫోల్డర్‌లో క్వెరీ అనే పేరుతో ఒక ఫైలు, లోపల స్పూలర్ అనే ఒక్క మాట. విండోస్‌తో పాటే వచ్చే నీలం విండో పవర్‌షెల్‌లో ఎస్‌సి అంటే సెట్-కంటెంట్, ఫైల్లో రాయడం. పాతది కావాలంటే ఎస్‌సి డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టాలి.

ఇక అసలు సంగతికొస్తా. 2006లో మొదటి వెర్షన్ వచ్చినప్పుడు నాలాంటి బ్యాచ్ ఫైళ్ల వాళ్లం దీన్ని పట్టించుకోలేదు. దీన్ని తయారు చేసిన జెఫ్రీ స్నోవర్ ముందు యూనిక్స్ టూల్స్‌నే విండోస్‌కి తెద్దామని చూశాడు. కుదరలేదు. యూనిక్స్‌లో సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు, మాటలు వెతికే టూల్ ఉంటే సగం పని అయిపోతుంది. విండోస్‌లో రిజిస్ట్రీ (సెట్టింగుల ఖజానా), డబ్ల్యూఎంఐ (సిస్టమ్ వివరాలు అడిగే చోటు), అన్నీ లోపల గళ్లు గళ్లుగా ఉన్న సమాచారం. అందుకే ఒక కమాండ్ నుంచి ఇంకో కమాండ్‌కి అక్షరాలు కాకుండా వస్తువునే (ఆబ్జెక్ట్) అందించేలా కట్టాడు. ఇది అర్థమైతే మిగతాదంతా అందులోంచే వస్తుంది.

నీ డిస్కు లెక్కే చూడు. గెట్-వాల్యూమ్, డ్రైవ్‌లెటర్ సి అని కొట్టు. సైజ్‌రిమైనింగ్ కింద 42.6 జీబీ అని కనపడిందనుకో. బ్యాచ్‌లో అయితే ఆ మాటని కోసి, జీబీ తీసేసి, చుక్కల సంఖ్యతో కుస్తీ పట్టాలి. ఇక్కడ అదే లైను చివర నిలువుగీత పెట్టి గెట్-మెంబర్ అను. ఆ వస్తువు లోపల ఏమేం ఉన్నాయో పేర్లన్నీ వస్తాయి. సైజ్‌రిమైనింగ్ నిజానికి బైట్లలో ఉన్న పూర్తి సంఖ్య, జీబీ అన్నది మనం చదువుకోవడానికి చూపించిన రూపం. కాబట్టి వేర్-ఆబ్జెక్ట్ పెట్టి, సైజ్‌రిమైనింగ్ హైఫన్ ఎల్‌టీ (అంటే ‘కన్నా తక్కువ’) 10జీబీ అని రాస్తే చాలు. 10జీబీ అంటే ఎన్ని బైట్లో దానికే తెలుసు. పోల్చేటప్పుడు లెక్కల పుస్తకంలో గుర్తులు మాత్రం వాడొద్దు. పెద్దది అనే గుర్తు పెట్టి 10 అంటే, పోల్చడం మానేసి 10 అనే పేరుతో ఫైలు తయారు చేస్తుంది.

రోజూ ఈ మూడే: గెట్-కమాండ్, గెట్-హెల్ప్, గెట్-మెంబర్. హెల్ప్ చివర ఎగ్జాంపుల్స్ అని పెట్టి చదువు. ముందు ఒకసారి అడ్మిన్‌గా తెరిచి అప్‌డేట్-హెల్ప్ కొట్టు, లేకపోతే ఉదాహరణలు సరిగా రావు. స్పెల్లింగులు గుర్తుపెట్టుకోకు, మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు.

భయం గురించి ఒక్క మాట. కమాండ్ పేరులో మొదటి మాట చూడు. గెట్ అని ఉంటే మామూలుగా చూసి చెబుతుంది, దేన్నీ మార్చదు. సెట్, రిమూవ్, స్టాప్, క్లియర్ అని ఉంటే చెయ్యి ఆపు. ఒక నెల గెట్‌లతోనే పని చెయ్యి. నీ డిస్కుల లిస్టుకి అంతకుమించి అక్కర్లేదు.

62 సిస్టమ్‌ల నుంచి తెప్పించుకోవడానికి ఇన్వోక్-కమాండ్. డొమైన్ లేదు కాబట్టి ప్రతి సిస్టమ్‌లో ఒకసారి అడ్మిన్‌గా ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ కొట్టాలి, అప్పుడే దూరం నుంచి వచ్చే కమాండ్లు తీసుకుంటుంది. నీ సిస్టమ్‌లో ట్రస్టెడ్‌హోస్ట్స్ అనే నమ్మదగిన సిస్టమ్‌ల లిస్టులో ల్యాబ్ పేర్లు చేర్చాలి. అక్కడ ఒట్టి నక్షత్రం పెట్టి వదిలేయకు, నీ సిస్టమ్‌ల పేర్లే ఇవ్వు. లిస్టు నోట్‌ప్యాడ్‌లో పెట్టుకో. మామూలుగా ఒకేసారి 32 సిస్టమ్‌లకి వెళ్తుంది, మిగతావి వరసలో ఉంటాయి. ముందు రెండింటి మీద చూసుకుని తర్వాత అన్నిటికీ పో.

చీమకుర్తి గ్రానైట్

అక్కా, రోబోకాపీతో నాకూ దెబ్బ తగిలింది కాబట్టి చెబుతున్నా. ఎంఐఆర్ అంటే అద్దం. అటువైపు అదనంగా ఏదున్నా తీసేస్తుంది. ఆ కమాండ్ చివర స్లాష్ ఎల్ పెడితే ఏం చేయబోతోందో లిస్టు చెబుతుంది, ఒక్క ఫైలు కూడా ముట్టదు. ‘ఎక్స్‌ట్రా ఫైల్’ అని వచ్చిన ప్రతి లైనూ అది తీసేయబోయే ఫైలే. నేను స్లాష్ ఎల్ లేకుండా ఎంఐఆర్‌ని రన్ చేయను, ఎంత తొందరున్నా సరే. పవర్‌షెల్‌లో రిమూవ్-ఐటమ్‌కి వాట్‌ఇఫ్ ఉంది, అదీ ఇంతే.

ఇంకోటి. మా దగ్గర పనివాళ్ల హాజరు ఫోల్డర్లకి తెలుగు పేర్లు. స్క్రిప్టులో తెలుగు పేరు రాస్తే ఫోల్డర్ లేదంటోంది, చూస్తే పిచ్చి అక్షరాలు. రెండ్రోజులు తల పట్టుకున్నా. బీఓఎం (ఫైలు మొదట్లో ఉండే యూనికోడ్ గుర్తు) లేని ఫైలుని, విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 వెర్షన్ పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో చదువుతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్‌కి వెళ్లి యూటీఎఫ్-8 విత్ బీఓఎం ఎంచుకుంటే సరిపోయింది. పవర్‌షెల్ 7లో ఈ గొడవ లేదు, కానీ దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

నెల్లూరు పొగతోట

నేను ఒక ఆసుపత్రిలో సిస్టమ్స్ చూస్తాను. రోబోకాపీని రాత్రిపూట టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టే ముందు ఇది తెలుసుకోండి. పొద్దున చూస్తే లాస్ట్ రన్ రిజల్ట్‌లో 0ఎక్స్1 అని ఉంటుంది. సున్నా కాదు కదా, ఫెయిల్ అయిందని నాకు వారం రోజులు టెన్షన్. రోబోకాపీకి 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని. 0 అంటే కొత్తగా కాపీ చేయాల్సింది ఏమీ లేదని. 8, ఆ పైన వస్తేనే ఏదో కాపీ కాలేదని అర్థం. స్క్రిప్టులో కూడా 8 కన్నా తక్కువైతే సరే అని రాసుకోండి.

స్క్రిప్టు మొదట్లో స్టార్ట్-ట్రాన్‌స్క్రిప్ట్ పెట్టండి. రాత్రి ఏం జరిగిందో పొద్దున చదువుకోవచ్చు. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక ఫైలు వెనక్కి తీసి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

కావలి ల్యాబ్

పెద్దాయన గారికి, చీమకుర్తి తమ్ముడికి, పొగతోట వాళ్లకి చాలా చాలా థ్యాంక్స్. పన్నెండు రోజులైంది, అందుకే మళ్లీ రాస్తున్నా.

రెండు సాయంత్రాలు ల్యాబ్ అయిపోయాక కూర్చుని ఒకటి తప్ప అన్ని సిస్టమ్‌లలో రిమోటింగ్ ఆన్ చేశా. నిన్న నా కుర్చీలోంచే లైను కొట్టాను. 61 జవాబులొచ్చాయి. 10 జీబీ కన్నా తక్కువున్నవి తొమ్మిది. తొమ్మిదీ ఒకే వరసలోవి. వెళ్లి చూస్తే ఆ వరసలో పిల్లలు మొబైల్ ఎమ్యులేటర్లు (కంప్యూటర్‌లో ఫోన్‌లా నడిచే ప్రోగ్రాములు) దింపుకుని యూజర్ ఫోల్డర్లలో వదిలేశారు. నడిచి తిరిగినన్నాళ్లు ఈ వరస సంగతి నాకు తట్టలేదు, లిస్టు పక్కపక్కనే కనపడేసరికి తట్టింది.

డిలీట్ ఇంకా చేయలేదు. వాట్‌ఇఫ్‌తో వచ్చిన లిస్టు ప్రింట్ తీసి నోటీసు బోర్డులో పెట్టా, శుక్రవారం దాకా ఎవరి ఫైళ్లు వాళ్లు తీసుకోమని.

రాత్రి బ్యాకప్ కూడా పెట్టాను, స్లాష్ ఎల్‌తో మూడుసార్లు చూసుకున్నాకే. బిట్రగుంట అమ్మాయిని పిలిచి, తన ఫోల్డర్‌లోంచి ఒక ఫైలు హార్డ్‌డిస్కు నుంచి వెనక్కి తీయించి, తననే తెరవమన్నా. తెరుచుకుంది.

ఒక్క సిస్టమ్ మిగిలింది, 17వ నంబరు. ఎనేబుల్ చేస్తుంటే నెట్‌వర్క్ పబ్లిక్ అని ఏదో అంటోంది.

ఒంగోలు సర్వర్ రూమ్

సంతోషం అమ్మా. 17లో గెట్-నెట్‌కనెక్షన్‌ప్రొఫైల్ కొట్టు, కేటగిరీ పబ్లిక్ అని ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ప్రైవేట్ చేసి, ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ మళ్లీ రన్ చెయ్యి. కేబుల్ ఎవరైనా మార్చారేమో కూడా చూడు, వేరే రూటర్‌కి తగిలిస్తే కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో పెట్టి ఉండొచ్చు.

కావలి ల్యాబ్

అదేనండీ. కేబుల్ పక్క గది రూటర్‌లో ఉంది. మార్చాను. 62 వచ్చాయి.