చూపు లేనివారిలో కొత్తగా కర్రతో నడక నేర్చుకునేవారికి మొదట్నుంచే స్మార్ట్‌కేన్ ఇవ్వాలా?

గోదారిగట్టు:
ఐఐటీ ఢిల్లీ వాళ్ల స్మార్ట్‌కేన్, అంటే ధ్వని తరంగాలతో అడ్డాల్ని పసిగట్టే సెన్సర్ ఉన్న కర్ర, 2014లో వచ్చింది. ఇప్పటికీ శిక్షణలో ముందు మామూలు తెల్లకర్రే ఇస్తామంటారు. తెల్లకర్ర చెప్పేది నేల సంగతే. వేలాడే కొమ్మ, గోడకు బిగించిన ఏసీ డబ్బా, లారీ వెనక పొడుచుకొచ్చిన చువ్వలు మొహానికి తగిలాకే తెలుస్తాయి. స్మార్ట్‌కేన్ మోకాలి నుంచి తలదాకా ఉన్న అడ్డాన్ని 3 మీటర్ల దూరంలోనే వైబ్రేషన్‌తో చెబుతుంది. మరి ఆలస్యం దేనికి?

వేపచెట్టు:
మన వీధుల్లో అసలు భయం మూతలేని డ్రైనేజీతోనండీ. సెన్సర్‌కు గుంత తెలీదు, పట్టుకునేది కర్ర మొన ఒక్కటే. కుడికాలు ముందుకు పడేటప్పుడు మొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలికి కుడివైపు. ఊపు భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఈ లయ కుదరకముందే చేతిలో వైబ్రేషన్ మొదలైతే, కొత్తవాళ్లు దాన్ని గమనిస్తూ కర్ర ఊపడం ఆపేస్తారు. అడుగు మాత్రం ఆగదు. పడేది అక్కడే.

ఓరుగల్లు:
సగం ఫిర్యాదులు సెట్టింగ్ వల్లే. ఇంట్లో, సందుల్లో 1.8 మీటర్ల మోడ్ పెట్టాలి. సంతలో 3 మీటర్లు పెడితే వైబ్రేషన్ ఆగనే ఆగదు, విసుగొచ్చి మూలన పడేస్తారు. మణికట్టు తిరిగితే సెన్సర్ పక్కకు చూస్తుంది, దారి ఖాళీగా ఉన్నా గోడను అడ్డమని చెబుతుంది. ఏటవాలుగా ఉన్న కారు అద్దం నుంచి ధ్వని వేరే దిక్కుకు పోతుంది కాబట్టి వైబ్రేషన్ లేదంటే దారి ఖాళీ అని కాదు.

ఫోన్‌లో జీపీఎస్ ఉందిగా అనేవాళ్లకూ ఒక మాట: ఆరుబయటే కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది, మేడల మధ్య ఇంకా ఎక్కువ. వీధి పేరు చెబుతుంది గానీ రోడ్డుకు ఏ పక్కనున్నారో నమ్మకంగా చెప్పలేదు. వింటూ నడిచేవాళ్లు చెవులు మూయని బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు వాడాలి.

గోదారిగట్టు:
సెట్టింగ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ చాలా ఊళ్లలో శిక్షకులే లేరు. లయ కుదిరేదాకా తలకు దెబ్బలు తినమంటారా?

వేపచెట్టు:
ఏడాది ఆగమనట్లేదు. ఆ సెన్సర్ పిడి విడిగా వస్తుంది, కర్ర పైభాగానికి తగిలించుకోవచ్చు. తెలిసిన దారిలో మాట్లాడుతూ నడిచినా లయ తప్పకపోతే, ప్రతి మెట్టూ కాలువ అంచూ మొనకే దొరికితే, ఆరోజే తగిలించండి. బరువు పెరుగుతుంది గనుక మొదట్లో తక్కువసేపే నడిపించాలి. అంతవరకు కొమ్మలున్న చోట ఖాళీ చేతిని నుదుటి ముందు అడ్డం పెట్టుకోవడం నేర్పండి, దానికి చార్జింగ్ అక్కర్లేదు.

ఓరుగల్లు:
గతుకుల రోడ్డైతే తట్టడం మాని, రోలర్ మొన (దొర్లే మొన) వేసి నేల మీద ఆనించే జరపమనండి. తట్టేటప్పుడు మధ్యలో తప్పిపోయే గుంతలు దానికి దొరుకుతాయి.