సన్నగున్నోళ్లు నిండుగ కనపడాలంటే: తిండి, జాకెట్, చీర

నల్గొండ_26:
నమస్తే. వయసు 26, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. ఛాతీ 30, నడుము 25 ఇంచులు. మా ఇంట్ల ఆడోళ్లందరు సన్నగనే ఉంటరు. ఆకలి మంచిగైతది, నెలసరి టైంకే వస్తది. లావు కావాలని లేదు. ముఖంల కళ ఉండాలె, చీర కడితే దండెం మీద ఆరేసినట్టు ఉండొద్దు, ఆడపిల్ల లెక్క నిండుగ అనిపియ్యాలె. జాకెట్ భుజం మీదికెళ్లి జారుతది, ముందర ముడతలు పడతది. కుట్టెటోళ్లకు ఏం చెప్పాలె? రెండు నెలలల్ల ఇంట్ల పెండ్లుంది. మెడికల్ షాపుల బరువు పెరిగే గోళీలు ఇస్తరంట, వాడొచ్చా?

జొన్నకంకి:
ముందు గోళీల ముచ్చట. వాడకు చెల్లె. అట్ల ఇచ్చేటివాటిల ఆకలి పెంచే సైప్రోహెప్టాడిన్ ఉంటది, కొన్నిట్ల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడ కలుస్తది. బుగ్గలు నిండినట్టు కనిపిస్తయి గని అది కండ కాదు, స్టెరాయిడ్‌కు వచ్చిన వాపు, కొవ్వు. షుగర్ పెరుగుతది, ఎముకలు గుల్లయితయి. ఎవరన్న ఇప్పటికే నెలలకొద్ది మింగుతుంటే ఒక్కసారి బందు పెట్టొద్దు, ప్రాణం మీదికొస్తది. డాక్టరే మెల్లగ తగ్గియ్యాలె.

నీ బరువు 44ను ఎత్తు 1.58 మీటర్లతోని రెండుసార్లు భాగిస్తే 17.6 వస్తది, దీన్నే బీఎంఐ అంటరు. 18.5 కన్న తక్కువుంటే బరువు తక్కువ కిందికే లెక్క. ఇంటి పోలికే అయినా ఒక్కసారి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ చూపించుకో. హిమోగ్లోబిన్ 12కు తక్కువ ఉండొద్దు. అద్దం ముందర కింది రెప్ప కొంచెం కిందికి గుంజి చూడు. లోపల ఎర్రగ కాకుండ పాలిపోయి ఉంటే కళ తగ్గింది సన్నదనంతోని కాదు, రక్తం లేక. ఏం చెయ్యకుండనే బరువు దిగుతున్నా, రెండు వారాలు దాటి దగ్గున్నా, మూడు నెలలు నెలసరి రాకున్నా దవాఖానకు పోవాలె.

నీకు 46 కిలోలు దాటితే చాలు. రోజూ తినేదానికి ఇంకో 300 నుంచి 400 కేలరీలు కలిపితే నెలకు కిలో దాక పెరుగుతవ్. అన్నం కుప్ప పెంచితే కడుపు బరువైతది, రాత్రి తిండి సగమైతది. అందుకే చిన్నగ ఉండి బలమున్నయి కలుపు. పిడికెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. ఒక గ్లాసు బర్రె పాలు దగ్గర దగ్గర 200. ఈ రెండిటితోనే లెక్క కుదురుతది. పొద్దుగాల జొన్నరొట్టెతోని రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పొద్దుమీకి పల్లీపట్టి, పండుకునే ముందు పాలు. మాంసకృత్తులు రోజుకు 55 నుంచి 65 గ్రాములు అందాలె. తోటకూర, మునగాకు తిన్ననాడు మన బత్తాయి ఒకటి తిను, ఆకుకూరల ఇనుము ఒంటికి పడతది. తిన్నంక గంట దాక చాయ్ తాగకు, అది ఆ ఇనుమును ఆపుతది. పరిగడుపున తాగితే ఆకలే చచ్చిపోతది.

తిన్నది కండ కావాలంటే ఒంటికి పని చెప్పాలె. వారానికి మూడు రోజులు: ఐదు లీటర్ల నీళ్ల డబ్బా రొమ్ముకు ఆనించి పట్టుకొని గుంజీలు, వెల్లకిల పండుకొని మోకాళ్లు మడిచి నడుము లేపుడు, గోడకు చేతులానించి దండీలు, వంగి డబ్బాను ఒక చేత్తోని నడుము దాక గుంజుడు. ఒక్కోటి 10 నుంచి 12 సార్లు, మూడు విడతలు. ఆఖరి రెండు కష్టమనిపియ్యాలె, లేకుంటే బరువు సరిపోలేదన్నట్టే. డబ్బా గుంజుడు మాత్రం ఇడువకు. వీపు కండ గట్టిపడితే భుజాలు ఎనుకకు పోతయి. గూనిగ నిలబడితేనే మెడకింది గుంటలు లోతుగ కనిపిస్తయి.

ఒక్క మాట, మీ దిక్కు బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేపించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కనైతది.

కత్తెర_టేపు:
జాకెట్ ముచ్చట నేను చెప్తా. 30 ఛాతీకి చాన మంది 34 కటింగునే పక్కల పట్టి చిన్నగ చేస్తరు. చుట్టుకొలత తగ్గుతది గని మెడ, భుజం, డార్టులు (ముందర ఒంపు కోసం పట్టే మడత కుట్లు) 34వే ఉంటయి. జారుడు, ముడత రెండూ అందుకే. పాత జాకెట్ ఇచ్చి రాకు, ఒంటి మీద కొలిపించుకో. పెండ్లినాడు ఏ బ్రా ఏసుకుంటవో అదే ఏసుకొని పో. రొమ్ము కింద కొలిచి దానికి సరిపోయే బ్యాండ్ తీసుకో. వదులుది తీసుకుంటే ఎనుక పట్టీ పైకెక్కి ముందర కప్పు ఖాళీగ లేస్తది. కొత్త బ్రా అన్నిటికన్న వదులు హుక్కుకు సరిపోవాలె, వాడంగ వాడంగ సాగుతది కాబట్టి.

కుట్టెటామెకు ఇట్ల చెప్పు. ప్రిన్సెస్ కట్ (పైకెళ్లి కిందిదాక పొడుగు కుట్లు) కుట్టమను, కటోరీ (ముందర గిన్నె లెక్క విడి ముక్క అతికేది) వద్దు. కటోరీల గుడ్డ నిండకుంటే మొన కాడ సంచి లెక్క ముడత పడతది. నాలుగు డార్టులదే కావాలంటే డార్టు లోతు ఇంచు, ఇంచుంపావు చాలు, మొనకు అర ఇంచు ముందే ఆపాలె. పల్చటి ప్యాడ్ అస్తరు లోపలనే కుట్టించుకో. భుజం పట్టి రెండున్నర ఇంచులు, ఎనుక మెడ లోతు ఐదారు ఇంచులు, పైన నాడ. అంతకన్న లోతైతే వీపు రెక్కలు బయటవడతయి. చెయ్యి 10 ఇంచులు పొడుగు, మోచెయ్యికి పైననే ఆగాలె. చేతి చుట్టుకొలతకు ముప్పావు ఇంచు కన్న ఎక్కువ వదులు పెట్టొద్దు. వదులు చేతులల్ల నుంచి సన్నటి చెయ్యి పుల్ల లెక్క కనిపిస్తది. భుజం కాడ చిన్న కుచ్చు పెడితే మంచిగుంటది. పక్కలకు ఇంచు చొప్పున లోపల గుడ్డ ఇడువుమను, రెండు కిలోలు పెరిగితే ఇప్పుకోవాలె కద.

నారాయణపేట_గళ్లు:
షిఫాన్, జార్జెట్ ఒంటికి అతుక్కుంటయి, తుంటి ఎముక కూడ తెలుస్తది. నీకు నూలు, నూలు-పట్టు కావాలె. మన నారాయణపేట గళ్ల చీర కొంచెం గంజి పెడితే తనంత తనే నిలవడతది. గద్వాల చీరల నడుమ నూలు, అంచు పట్టు. నడుమ తేలిక, అంచు బరువుకు కుచ్చిళ్లు జారకుండ నిలుస్తయి. దానికి మాత్రం గంజి పెట్టకు. అంచు మూడు, నాలుగు ఇంచులది చూడు. పది ఇంచుల అంచుల నీ ఎత్తు మునిగిపోతది. నారాయణపేటకు గంజి ఒక గ్లాసు, నాలుగు లీటర్ల నీళ్లల్ల వడకట్టి కలుపు. చిక్కగైతే చీర అట్ట లెక్కయి మడతల కాడ చిరుగుతది.

సన్నగున్నోళ్లకు చుట్టంగ గుడ్డ మిగులుతది, దాన్నంత కుచ్చిళ్లల్ల దోపితే పొట్ట ముందర గుట్టయితది. ఐదించుల వెడల్పుతోని ఏడు కుచ్చిళ్లు పెట్టి, మిగిలింది కొంగుకు ఇడువు, మోకాలు దాక రానీ. కొంగు సన్నగ మడిచి పిన్ను పెట్టకు, ఒంటిపొరగ ఇడిస్తే భుజం నిండుతది. లోపల ఒంటికి పట్టేసే లంగా వద్దు, ఆరు కలీల నూలు లంగా కట్టు. సగం నిండుతనం ఆడ్నే వస్తది.

గాజులు 2.2 సైజు చూడు. 2.4వి మోచెయ్యి దాక జారి మణికట్టును ఇంకా సన్నగ చూపిస్తయి. పొడుగు హారం బదులు మెడకు ఆనే కంటె బాగుంటది. కింది రెప్పకు కాటుక మందంగ పెట్టకు, కండ్లు లోపలికి పోయినట్టైతది. జడ గట్టిగ గుంజి ఎయ్యకు, చెవుల మీద కొంచెం వదులు ఉండాలె.

నల్గొండ_26:
చాన థ్యాంక్స్ అక్కలూ. రేపే రక్తం ఇస్తా. జాకెట్ ఇప్పుడే కుట్టించాల్నా, బరువు పెరిగినంక ఇయ్యాల్నా?

కత్తెర_టేపు:
గుడ్డ ఇప్పుడే ఇచ్చి వరుసల పెట్టించు, పెండ్లిళ్ల టైంల దొరకరు. కొలత మాత్రం పెండ్లికి మూడు వారాల ముందు ఇయ్యి. వారం ముందు ఏసి చూస్కో. చేతులు పైకెత్తితే కింది పట్టి లేవొద్దు, కిందికి దించితే భుజం జారొద్దు. అస్తరు గుడ్డ కుట్టక ముందే ఒకసారి నీళ్లల్ల తడిపి ఆరెయ్యాలె, లేకుంటే మొదటి ఉతుకుకే అస్తరు కుంచుకపోయి ముడత మళ్ల వస్తది.