మోర్వాన్‌లో ఆరు రోజులు: 40 మి.మీ. టైర్లతో జీటీఎంసీ తొక్కొచ్చా?

మట్టిదారి అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

సెప్టెంబర్ చివరి వారంలో ఫ్రాన్స్‌లో ఆరు రోజులు దొరుకుతున్నాయి. పారిస్ నుంచి రైల్లో వెళ్లి రైల్లోనే తిరిగి రావాలి. అవలోన్‌లో మొదలై మధ్యధరా తీరంలోని కాప్ ద్ ఆగ్ద్ వరకు పోయే జీటీఎంసీ (మాసిఫ్ సెంట్రల్ మీదుగా వెళ్లే 1,380 కి.మీ. దారి) జీపీఎస్ ఫైల్ దించుకున్నాను. అందులో మోర్వాన్ (బుర్గుండీలోని అడవి కొండల ప్రాంతం) మీదుగా పోయే మొదటి 350 కి.మీ. చాలనుకుంటున్నాను.

బైక్ వివరాలు: ముందు 40 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11 నుంచి 42 పళ్లు, టైర్లు 700×40 (40 మి.మీ. వెడల్పు) ట్యూబ్‌లెస్. నా బరువు 74 కిలోలు, సామాను 8 కిలోలు. రోజుకి 60–70 కి.మీ., 1,000 మీటర్ల ఎక్కుడు దాటకూడదు. ఈ లెక్క కుదురుతుందా? టైర్లు మార్చాలా?

---

గుండ్రాయి:

లెక్క కుదరదండి. జీటీఎంసీని గీసింది మౌంటెన్ బైక్ కోసం. అక్కడి వాళ్లు వీటీటీ అంటారు. ఒక త్రికోణం, దాని పక్కన రెండు గుండ్రాలు ఉన్న గుర్తు కనిపిస్తే అది వీటీటీ దారి అని అర్థం. మీలాంటి గ్రావెల్ బైక్‌తో (కంకర దారులకి చేసిన సైకిల్) చాలా భాగం పోతుంది గానీ, గ్రానైట్ మీద నీరు కోసుకుపోయిన పల్లపు దారుల్లో తలకాయంత రాళ్లు ఉంటాయి. సామానుతో అక్కడ తోసుకుంటూ నడవాల్సిందే. 65 కి.మీ. అనుకున్న రోజు 45 దగ్గర చీకటి పడుతుంది.

దాని బదులు మోర్వాన్‌ని అటవీ రోడ్ల మీద దాటండి. దుంగల లారీల కోసం వేసిన కంకర రోడ్లవి, గ్రావెల్ బైక్‌కి కొలిచి వేసినట్టుంటాయి. వరస ఇలా పెట్టుకోండి: అవలోన్, కూజాన్ లోయ, కార్రే-లె-తోంబ్, మోర్వాన్ ప్రాంతీయ పార్క్ కార్యాలయం ఉన్న సాన్-బ్రిసోన్, సెతోన్ సరస్సు, అక్కడి నుంచి ఓ-ఫోలాన్ (901 మీ., మోర్వాన్‌లో ఇదే ఎత్తు), మోన్ బువ్రే (821 మీ.), చివర ఎతాన్-సూర్-అరూ స్టేషన్. మెల్లగా పోతే నాలుగు రోజులు. సెతోన్ సహజ సరస్సు కాదు. పారిస్‌కి వంటచెరకు దుంగల్ని నదిలో తేల్చి పంపడానికి నీళ్లు నిలవచేసిన ఆనకట్ట అది, 1858లో పూర్తయింది. కలప వ్యాపారం ఇప్పటికీ సాగుతోంది కాబట్టే ఆ రోడ్లు బతికున్నాయి.

మిగతా రెండు రోజులకి ఎతాన్‌లో రైలెక్కి షాన్యీలో దిగండి. కాలువ గట్టు పట్టుకుని షాలోన్ వైపు పోయి, జివ్రీ దగ్గర పాత రైలుమార్గం మీది వోయ్ వెర్త్ (బండ్లకు ప్రవేశం లేని పచ్చదారి) ఎక్కి క్లూనీ, ఆపైన మకోన్. జివ్రీ–క్లూనీ ముక్క 1997లో తెరిచారు, దేశంలో ఈ తరహాలో మొదటిది. పూర్తిగా తారే, గ్రావెల్ కాదు. విసుగు పుడితే బ్యూక్సీ చుట్టుపక్కల ద్రాక్షతోటల తెల్ల కంకర దారుల్లోకి దిగొచ్చు. మకోన్ నుంచి డిజోన్‌లో మారితే పారిస్ బెర్సీ స్టేషన్.

---

గడినకాశం:

గుండ్రాయి గారి దారి బాగుంది. కానీ ఫైల్‌ని నమ్ముకుని బయల్దేరకండి. ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వారి 1:25,000 మ్యాప్ తెరిచి ఒక్కో కిలోమీటరూ చూడండి. రెండు నిండు గీతల మధ్య తెలుపు ఉంటే బాగోగులు చూసే సన్నరోడ్డు. ఒక గీత నిండుగా, రెండోది తెగి ఉంటే ఎప్పుడో ఒకసారి మరమ్మతు చేసే రోడ్డు. మీరు వెతకాల్సింది ఎక్కువగా ఇదే. ఒంటి నిండు గీత అంటే పొలందారి లేదా అడవిబాట, బాగుండొచ్చు, ఉండకపోవచ్చు. తెగిన ఒంటి గీత కాలిబాట. దాని మీద రోజుకి 3 కి.మీ. మించి పెట్టుకోవద్దు.

ఒంటి గీత కనిపించిన చోటల్లా ఉపగ్రహ చిత్రం చూడండి. రెండు చక్రాల జాడ తెల్లగా, మధ్య గడ్డి పచ్చగా కనిపిస్తే పోవచ్చు. చెట్ల కిందకి మాయమైతే అనుమానించండి. మ్యాప్‌లో ఉండి నేల మీద లేని దారులు ఫ్రాన్స్‌లో కొల్లలు. యుద్ధం తర్వాత చిన్న కమతాలన్నీ కలిపి పెద్ద మడులు చేసినప్పుడు కంచె బాటలు చాలా పోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని ముళ్లపొదలు మింగేశాయి. హీట్‌మ్యాప్‌లో (జనం ఎక్కువగా తిరిగిన దారుల్ని రంగుతో చూపే మ్యాప్) ఎర్రగా ఉందని కూడా ధీమా వద్దు. ఆ ఎరుపు పరుగెత్తేవాళ్లదీ, సస్పెన్షన్ బైకుల వాళ్లదీ కావచ్చు.

ఊరి బయట "వోయ్ సాన్ జిస్యూ" బోర్డు చూసి వెనక్కి తిరగకండి. కారుకి దారి లేదని దాని మాట, చాలాసార్లు సైకిల్‌కి ఉంటుంది. "ప్రోప్రియేతే ప్రివే" (ప్రైవేటు ఆస్తి) అని ఉంటే మాత్రం ఆగాల్సిందే. 2023 ఫిబ్రవరి చట్టం ప్రకారం, ప్రైవేటుదని గుర్తు పెట్టిన పల్లె భూమిలోకో అడవిలోకో అనుమతి లేకుండా అడుగుపెడితే నాలుగో తరగతి ఉల్లంఘన, అక్కడికక్కడే 135 యూరోలు. "షమాన్ రురాల్" (పల్లెదారి) పంచాయతీ ఆస్తే అయినా జనం నడవడానికే ఉంది. "షమాన్ దెక్స్‌ప్లోతాసియోన్" (సాగుదారి) పొలాల యజమానులది, వాళ్లు మూసేయొచ్చు.

---

సున్నపురాయి:

వర్షం పడితే మోర్వాన్ అడవిలో దుంగల లారీల చక్రాల గాడుల్లో నీళ్లు నిలుస్తాయి, అదొక్కటే ఇబ్బంది. అడుగున గ్రానైట్ కాబట్టి పైమట్టి త్వరగా ఆరుతుంది. అసలు చిక్కు బంకమన్ను నేలల్లో. పక్కనే ఉన్న ఒక్స్వా పచ్చికబయళ్లలో, టూలూజ్ పక్క లోరాగేలో తడిమట్టి టైరుకి పట్టి, ఫోర్క్‌లో గడ్డకట్టి చక్రమే ఆగిపోతుంది. అందుకే పేరున్న దారి కంటే కింద ఏ నేలుందో చూసి దారి ఎంచుకోవాలి. 2024 టూర్ ద ఫ్రాన్స్ తొమ్మిదో దశలో త్రువా చుట్టూ 14 తెల్లదారి ముక్కలు, మొత్తం 32.2 కి.మీ. పెట్టారు కదా, అవి చూసి చాలామంది అటు పోతున్నారు. ఎండలో బాగుంటాయి. తడిస్తే సున్నం కలిపినట్టు పేస్ట్ అయిపోతుంది, పైగా సెప్టెంబర్ అంటే ద్రాక్షకోత ట్రాక్టర్ల కాలం.

టైర్లు: ఫ్రేమ్‌లో చోటుంటే 45కి మారండి. టైరుకి రెండు పక్కలా కనీసం 5 మి.మీ. ఖాళీ మిగలాలి, లేదంటే 40తోనే ఉండండి. మీ బరువుకి 45 అయితే ముందు 1.9 బార్, వెనక 2.1. 40 అయితే 2.3, 2.5. తారు రోడ్డు కోసం గాలి పెంచి, అడవిలోకి వచ్చాక దించడం మరిచిపోతుంటారు. రిమ్‌కి దెబ్బ తగిలేది అప్పుడు కాదు, తక్కువ గాలితో వేగంగా దిగేటప్పుడు. గాలి గట్టిగా పెట్టుకుంటే పట్టు పోతుంది, మెత్తగా పెట్టుకుంటే రిమ్ పోతుంది, మధ్యలో ఆగండి.

సీలెంట్ (చిల్లుని లోపలి నుంచి మూసే ద్రవం) టైరుకి 60 మి.లీ. కొత్తది పోసుకుని బయల్దేరండి. నెలల పాతదైతే లోపల ఎండిపోయి ఉండొచ్చు, అప్పుడు ముల్లు దిగితే మూయదు. శరత్కాలంలో కంచెల్ని యంత్రాలతో కత్తిరిస్తారు, నల్లముళ్ల కొమ్మలు దారిమీదే పడుంటాయి. వెంట తీసుకోవాల్సినవి: చిల్లులో దూర్చే ప్లగ్‌లు ఐదారు, ఒక ట్యూబ్, టైరు పక్కగోడ చిరిగితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, మీ బైక్ గేర్ల సంఖ్యకి సరిపోయే చైన్ లింక్ రెండు, డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) ఒకటి, బ్రేక్ ప్యాడ్ల జత ఒకటి. హ్యాంగర్ మాత్రం మీ ఫ్రేమ్‌కి సరిపోయేదే కావాలి. పల్లె దుకాణంలో దొరుకుతుందని ఆశపడకండి.

గేర్ విషయంలో గుండ్రాయి గారు ఏమీ అనలేదు. 40/42 అంటే 0.95, అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం 0.95 చుట్టు తిరుగుతుంది. సామానుతో మోన్ బువ్రే ఎక్కడానికి చాలదు. ముందు 38 వేస్తే 0.90 అవుతుంది, రెండు పళ్లే తగ్గుతాయి కాబట్టి చైన్ కత్తిరించనక్కర్లేదు.

---

మట్టిదారి:

38 చైన్‌రింగ్ తెప్పించేశాను. 45 పడితే పక్కకి 3 మి.మీ. మాత్రమే మిగులుతోంది, అందుకని 40తోనే వస్తాను. ఇంకొక్కటి: నీళ్లు, రాత్రి బస, వేట. వేట కాలం మొదలై ఉంటుందని చదివాను.

---

గడినకాశం:

వేట మొదలయ్యే ఉంటుంది. "షాస్ ఆన్ కూర్" అని బోర్డు ఉంటే ముందు అడవిపందుల కోసం మనుషుల్ని వరసగా నిలబెట్టారని అర్థం. ఆదివారాలు ఎక్కువ. బోర్డు దాటకండి, నారింజరంగు చొక్కా వేసుకోండి. వేటగాడు కనిపిస్తే పలకరించి, ఎటు పోవచ్చో అడగండి, చేత్తో చూపిస్తారు. చెట్లు కొడుతున్నారని టేప్ కట్టి ఉంటే యంత్రాలు ఆగి ఉన్నా లోపలికి పోవద్దు, దుంగల గుట్ట జారుతుంది. ఆవుల దొడ్డి గేటు తీసి దాటితే వెంటనే మళ్లీ మూయండి.

నీళ్లకి ఊళ్లలో ఊటగొట్టాలుంటాయి, "నోన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే తాగకండి. గొట్టం కనిపించకపోతే శ్మశానవాటిక గేటు దగ్గర చూడండి, పూలమొక్కలకి పోయడానికి కుళాయి ఉంటుంది. తిండి ఆదివారం మధ్యాహ్నం లోపే కొనుక్కోండి, సోమవారం చాలా దుకాణాలు తెరవవు.

మునిసిపల్ క్యాంపింగ్‌లు చాలావరకు సెప్టెంబర్‌లోనే మూసేస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. జీత్ దెతాప్‌లో (దారిన పోయేవాళ్ల బస) రాత్రి భోజనం ముందే చెప్పాలి. ఏడున్నరకల్లా పొద్దు వాలుతుంది. ఊరి బయట చీకట్లో తొక్కితే దీపాలతోబాటు మెరిసే జాకెట్ వేసుకోవడం అక్కడ చట్టమే.

---

గుండ్రాయి:

రైలు గురించి ఒక్క ముక్క. బెర్సీ–అవలోన్ టైంటేబుల్‌లో కొన్నిటి పక్కన "కార్" అని ఉంటుంది. అది బస్సు, సైకిల్ ఎక్కించుకుంటారన్న భరోసా లేదు. "ట్రాన్" (రైలు) అని ఉన్నదే ఎంచుకోండి. టీఈఆర్‌లో (ప్రాంతీయ రైలు) సైకిల్‌ని కొక్కేలకి వేలాడదీయాలి, సామాను సంచులు ముందే విప్పి చేతిలో పట్టుకుని ఎక్కండి. తిరుగు ప్రయాణంలో టీజీవీ (హైస్పీడ్ రైలు) తీసుకుంటే మాత్రం చక్రాలు విప్పి 130×90 సెం.మీ. మించని సంచిలో పెట్టాలి. పల్చటి నైలాన్ సంచి ఒకటి సామాను అడుగున పెట్టుకోండి.