పెళ్లి వీడియోలు పంపే సర్వర్: ఎంమ్యాప్ ఉంచాలా, ముక్కలుగా చదవాలా?

ప్రశ్న (పాలకొల్లు)

నమస్కారమండి. మా అన్నయ్యది పెళ్లి వీడియోల స్టూడియో. ఒక్కో ఫైలు 12 నుంచి 20 జీబీ. పెన్‌డ్రైవ్‌లు పంచలేక షాపులోనే ఓ పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, పైథాన్‌లో సర్వర్ రాశాను. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. పెళ్లివాళ్లు కోడ్ కొట్టి దింపుకుంటారు. ఎంమ్యాప్‌లో (ఫైలుని మెమరీలో ఉన్నట్టే చూపించే పద్ధతి) కాపీలు ఉండవని చదివి, ఫైలంతా మ్యాప్ చేసి మెగాబైట్ చొప్పున స్లైస్ తీసి పంపుతున్నాను.

మాఘమాసం ముహూర్తాలయ్యాక రద్దీ పెరిగింది. మెమరీ వాడకం చూపే హెచ్‌టాప్‌లో నా ప్రోగ్రాం ఒక్కటే 3 జీబీ చూపిస్తోంది. ఎవరైనా పాత పెళ్లి తెరిస్తే మిగతావాళ్ల డౌన్‌లోడ్లు బిగుసుకుపోతున్నాయి. శనివారం మరీ ఘోరం. నరసాపురం పెళ్లికూతురి నాన్నగారు 17 జీబీలో 15 దింపాక సర్వర్ పడిపోయింది. తెర మీద ‘బస్ ఎర్రర్’ అన్న రెండు మాటలే. మళ్లీ మొదటి నుంచి దింపమని ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

సమాధానం (అమలాపురం)

తమ్ముడూ, ఆ టైములో ఎవరైనా అదే పేరుతో వీడియో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశారేమో కనుక్కో. అలా చేస్తే పాత ఫైలు ముందు సున్నాకి కుదించుకుపోతుంది. నీ మ్యాప్ మాత్రం ఇంకా 17 జీబీ ఉందనుకుని లేని పేజీని (మెమరీ ముక్కని) ముట్టుకుంటుంది. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ సిగ్‌బస్ అనే సంకేతం పంపి ప్రోగ్రాంనే చంపేస్తుంది, నీకు కనిపించిన ‘బస్ ఎర్రర్’ అదే. పైథాన్‌లో ట్రై, ఎక్సెప్ట్ (తప్పుల్ని పట్టుకునే కోడ్) పెట్టినా అది ఆగదు. అదే ఫైలుని ముక్కలుగా తెచ్చే మామూలు రీడ్‌తో చదివితే సున్నా బైట్లు వస్తాయి, ఆ ఒక్కరి డౌన్‌లోడే తెగుతుంది.

రీడ్‌కి మారినా ఇది మాత్రం చెయ్యి: ఎక్స్‌పోర్ట్ వేరే పేరుతో చేయించి, పూర్తయ్యాక అదే డిస్క్‌లో పేరు మార్చు. అప్పటికే దింపుతున్నవాళ్లకి పాత ఫైలే చివరిదాకా అందుతుంది.

ప్రశ్న అడిగినవారు

అదేనండి! జీలకర్ర బెల్లం దగ్గర పాట మార్చమన్నారని అన్నయ్య అదే పేరు మీద ఎక్స్‌పోర్ట్ కొట్టాడట.

సమాధానం (భీమవరం)

ఆ 3 జీబీకి టెన్షన్ పడకండి. రెండు పద్ధతుల్లోనూ నీళ్లొచ్చేది ఒకే కాలవ నుంచి, అంటే డిస్క్ నుంచి చదివినవాటిని కెర్నల్ ర్యామ్‌లో ఉంచుకునే పేజీ క్యాష్ నుంచి. ఎంమ్యాప్‌లో ఆ కాలవ నీళ్లని కూడా మీ చేను, అంటే మీ ప్రోగ్రాం లెక్కలో రాస్తారు, అంతే. వేరేవాళ్లకి ర్యామ్ కావాలంటే కెర్నల్ ఆ పేజీలు తీసేసుకుంటుంది. ఫ్రీ కమాండ్‌లో ‘అవైలబుల్’ అంకె చూడండి.

బిగుసుకుపోవడం మాత్రం నిజంగా ఎంమ్యాప్ వల్లే. పైథాన్‌లో మ్యాప్ నుంచి స్లైస్ తీస్తే ఎలాగూ కాపీ అవుతుంది, మీరు ఆశించిన లాభం అక్కడే పోయింది. పైగా ఆ పేజీ ర్యామ్‌లో లేకపోతే డిస్క్ నుంచి వచ్చేదాకా జిల్ తాళం (పైథాన్‌లో ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే, అంటే ఒక్క పనివరసనే నడవనిచ్చేది) మీ థ్రెడ్ దగ్గరే ఉండిపోతుంది. మిగతా థ్రెడ్లన్నీ నిలబడాలి. ఫైల్ రీడ్ అయితే డిస్క్ కోసం ఆగేటప్పుడు ఆ తాళం వదిలేస్తుంది. మెగాబైట్ ముక్కలతో 20 మంది దింపినా బఫర్లకి (ముక్కల్ని తాత్కాలికంగా పెట్టుకునే మెమరీకి) 20 ఎంబీ, అంతే.

నా మాట వింటే పైథాన్‌ని కోడ్ సరిచూడటం వరకే ఉంచండి. ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ హెడర్‌తో ఫైలు పంపే పని ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి అప్పజెప్పండి. సెండ్‌ఫైల్ (కెర్నలే ఫైలుని నేరుగా నెట్‌వర్క్‌లోకి పంపే సదుపాయం) ఆన్ చేస్తే నీళ్లు మీ చేలోకి రాకుండానే కాలవ నుంచి బోదెలోకి వెళ్లిపోతాయి. మధ్యలో తెగినా డౌన్‌లోడ్ ఆగిన చోటు నుంచే అందుకుంటుంది, ఆ పెద్దాయనకి కావలసింది అదే కదండి. హెచ్‌టీటీపీఎస్ ఉంటే మామూలుగా సెండ్‌ఫైల్ పనిచేయదు, ఎన్‌జిన్‌ఎక్సే బఫర్లతో చదువుకుంటుంది. మీ లైన్ వేగానికి ఆ తేడా తెలియదు.

సమాధానం (కైకలూరు)

ఎంమ్యాప్‌ని పూర్తిగా వదిలెయ్యకండి. చేపల చెరువుల డ్రోన్ మ్యాపులు మా దగ్గర ఒక్కోటి 9 జీబీ ఉంటాయి. ఒకసారి ఈ గట్టు, ఇంకోసారి ఆ మూల, అక్కడక్కడ చిన్న ముక్కలే కావాలి. అలాంటి చోట ఎంమ్యాప్ చాలా హాయి. మొదటి నుంచి చివరికి వరసగా పంపే వీడియోకి దాంతో పనిలేదు.

ప్రశ్న అడిగినవారు

రాత్రి కూర్చుని ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టాను. పరీక్షకి సగంలో కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, ఆగిన చోటు నుంచే అందుకుంది. అన్నయ్య ఇప్పుడు ‘తాత్కాలికం’ అనే ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాడు. నరసాపురం వారికి పొద్దున్న 6 గంటలకి ఫైలు పూర్తిగా దిగింది, పాట మారినదే.