రాయపురం పాత రైల్వేస్టేషను దేశంలోకెల్లా పాతదని ఎందుకంటారు?

పెరంబూరు వాసి:
అందరికీ నమస్కారం. చెన్నైలో బీచ్ స్టేషను వైపు లోకల్ రైల్లో వెళ్లేటప్పుడు రాయపురంలో పొడవాటి స్తంభాలున్న పాత భవనం కనిపిస్తుంది. దేశంలో ఇంతకంటే పాత స్టేషను నిలిచి లేదని మా అమ్మాయికి చెబితే, రైళ్లు ముందు నడిచింది బొంబాయిలోనూ హౌరాలోనూ కదా అని అడుగుతోంది. అంత పేరున్న స్టేషను ఎందుకు వెనకబడిందో, ఆ కట్టడం విశేషాలేమిటో తెలిసినవారు వివరించగలరా?

తండయార్‌పేట వాసి:
మీ అమ్మాయి సందేహం సబబైనదే. బొంబాయిలోని బోరీ బందర్ నుంచి ఠాణేకు 1853లో, హౌరా నుంచి హుగ్లీకి 1854లో రైళ్లు మొదలయ్యాయి. అయితే ఆ రెండు చోట్లా తొలినాటి భవనాలు ఇప్పుడు లేవు గనుక, నిలిచి ఉన్న వాటిలో రాయపురానిదే పెద్దరికం. గవర్నరు లార్డ్ హారిస్ 1856 జూన్ 28న దీన్ని ప్రారంభించగా, జూలై 1 నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు స్టేషను వరకు సుమారు 100 కిలోమీటర్ల మేర ప్రయాణికుల రైళ్లు నడిచాయి.

సెయింట్ జార్జి కోటకూ, వర్తకులుండే బ్లాక్ టౌనుకూ, సముద్రపు ఒడ్డుకూ దగ్గర కావడమే ఈ చోటికున్న బలం. అప్పటికి మద్రాసుకు కట్టిన ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకంతా పలకలను తాళ్లతో కుట్టి చేసిన మసూలా పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు చేరేది. మన తెలుగువాళ్లకు ఇంకో సంగతి ముఖ్యం: ఇదే మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా వెళ్లి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది.

1873లో సెంట్రల్ స్టేషను వచ్చింది. 1907లో బీచ్ లైనును దక్షిణానికి పొడిగించాక రాయపురం చివరి స్టేషను కాకుండా పోయి, దూరప్రయాణపు రైళ్లు సెంట్రల్‌కు మళ్లాయి. రైల్వే ప్రధాన కార్యాలయం మాత్రం 1922 దాకా ఇక్కడే ఉంది.

మైలాపూరు పాఠకుడు:
కట్టడం గురించి నేను చెబుతాను. ఎగ్మూరు స్టేషను గుమ్మటాలు, సెంట్రల్ గడియారపు గోపురం వంటి ఆర్భాటం ఇక్కడ లేదు. యూరపు ప్రాచీన శైలిని అనుసరించి వరుసగా నిలబెట్టిన స్తంభాలే దీని అందం. ఆ కాలపు మద్రాసులో ఇలాంటి స్తంభాలను సాధారణంగా ఇటుకతో కట్టి, గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నాన్ని పూతలు పూతలుగా పూసి, పాలరాయిలా మెరిసేదాకా నునుపు రాళ్లతో రుద్దేవారు. అలాంటి పాత గోడలకు సిమెంటు పూయడం చాలా చెడ్డపని. సున్నపు పూత గోడలోని తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. సముద్రపు గాలి తగిలేచోట ఆ తేమతోపాటు ఉప్పు కూడా చేరి ఇటుకను పిండి చేసేస్తుంది. మరమ్మతు చేయించేవారు రంగులకన్నా ముందు ఈ సంగతి పట్టించుకోవాలి.

తండయార్‌పేట వాసి:
నిజమే. 2005లో దీన్ని బాగు చేశారు గాని, వాడుక లేని భవనం ఎంత బాగు చేసినా మళ్లీ పాడవుతుంది. రాయపురాన్ని దూరప్రయాణపు రైళ్లకు టెర్మినల్‌గా చేయాలని ఉత్తర చెన్నైవాసులు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నారు. అది జరిగినా ఈ భవనాన్ని కదిలించకుండా, టికెట్ల గదిగానో దక్షిణాది రైల్వే చరిత్ర చెప్పే ప్రదర్శనశాలగానో రోజూ జనం వచ్చిపోయేలా ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.