గంజాయి కేసులో ఫైను కట్టి బయటపడాలా, కోర్టునే చికిత్స అడగాలా?

తుంగభద్ర గట్టు:
మా అక్క కొడుక్కి 21 ఏళ్లు. రెండు నెలల కింద కర్నూలు రాజ్‌విహార్ దగ్గర స్నేహితులతో కలిసి దొరికినాడు. జేబులో చిన్న పొట్లం, 40 గ్రాములు కూడా లేదు. బెయిలు మీద ఇంటికొచ్చినాడు, అక్క దిష్టి తీసింది. తొమ్మిదో రోజు మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక మళ్లీ అదే వాసన.

వచ్చే వాయిదాకి తప్పు ఒప్పుకుని ఫైను కట్టేయమని అందరూ చెప్తున్నారు. కేసు అయితే పోతుంది, గంజాయి ఎట్ల పోతుంది?

అమెరికాలో డ్రగ్ కోర్టులని ఉన్నాయి. 1989లో మయామీలో మొదలైనాయి. కొకైన్ కేసులతో జైళ్లు నిండిపోయి, వదిలినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ దారి పట్టినారు. చికిత్సకి సరేనన్న మనిషిని అందులో చేరుస్తారు. వారానికో, పదిహేను రోజులకో అతను అదే జడ్జి ముందు నిలబడాలి. మూత్రపరీక్షలు ఉంటాయి. కౌన్సెలింగ్‌కి పోయినావా, పనిలో చేరినావా అని జడ్జే అడుగుతాడు. బాగుంటే కోర్టు హాల్లోనే చప్పట్లు కొడతారు, తప్పితే ఒకట్రెండు రోజులు జైలు. ఏడాది, ఏడాదిన్నర నిలబడితే కేసు కొట్టేయడమో, శిక్ష తగ్గించడమో చేస్తారు. మన జిల్లాకి ఇట్లాంటిది రావాలని నేనంటాను. మీరేమంటారు?

నల్లకోటు:
అన్నా, ముందు మీవాడి సంగతి. తొందరపడి ఫైను కట్టొద్దండి.

మాదకద్రవ్యాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే చికిత్సకి రెండు దారులున్నాయి. గంజాయిలో కిలో వరకు చిన్న పరిమాణం కింద లెక్క. అలవాటుపడ్డ మనిషి అలాంటి కేసులో ఉండి, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్సకి చేరితే, సెక్షన్ 64ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అడగొచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. రెండోది సెక్షన్ 39. నేరం రుజువయ్యాక కూడా, జడ్జి వెంటనే జైలుశిక్ష వేయకుండా, అతని సమ్మతితో బాండు రాయించుకుని చికిత్సకి పంపొచ్చు. ఏడాదిలోపు చికిత్స రిపోర్టు కోర్టులో పెట్టాలి.

మరి ఎవరూ ఎందుకు అడగరంటారా? చిన్న పరిమాణానికి శిక్ష ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. క్లయింటుకి ఒక్కపూటలో తేలిపోవాలి. మాకూ అదే సులువు. పిల్లోడికి అలవాటుందని కోర్టులో చెప్పడం తల్లిదండ్రులకి నామోషీ. ఆ పూట తప్పించుకోవడానికి ఒప్పుకున్న నేరం రేపు ఉద్యోగం దరఖాస్తులో రాయాల్సి వస్తుంది, అది మాత్రం ఎవరూ ఆలోచించరు. ఇది మా వృత్తి తప్పు కూడా, ఒప్పుకుంటున్నాను.

బుధవారపేట అక్క:
నేను ఒప్పుకోను. అనుభవించినదాన్ని కాబట్టి చెప్తున్నా. మా తమ్ముడు రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగినాడు. వాయిదా రేపనగా ఆ రాత్రి ఇంకా ఎక్కువ తాగేవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని గోడ దూకి పోయేవాడు, చప్పుడైతే నేను లేస్తానని. భయంతోనే మానేట్టయితే మా నాయన బెల్టుకే మానుండాల.

మీరు చెప్పే అమెరికా కోర్టులో తప్పితే రెండు రోజులు జైలు కదా? లోపల వాడికి పక్కన దొరికేది ఎవరు? అమ్మేవాడే. రోగం తిరగబెడితే జైలు అనేది ఏం వైద్యం?

పోర్చుగల్‌లో 2001 నుంచి పది రోజుల వాడకానికి సరిపడేంత లోపు దొరికితే అది నేరం కాదు. కోర్టుకి కాకుండా ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకి పంపుతారు. వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడి, అవసరమైతే చికిత్సకి దారి చూపిస్తారు. అది కావాలి మనకి. పోలీసు, బోను, నల్లకోటు లేకుండా.

పాత హెడ్డు:
అమ్మేవాళ్లూ తాగేవాళ్లూ వేరనుకోకండి. తన పొట్లం ఖర్చు కోసం నాలుగు పొట్లాలు అమ్మే కుర్రాళ్లని పోలీసు సర్వీసులో చానా మందిని చూసినా. వాళ్లని ఏ లెక్కన కడతారు? అది తేల్చకుండా కోర్టు పెడితే, అమ్మేవాడు కూడా రోగినని చీటీ పట్టుకుని వస్తాడు.

వార్డు సిస్టర్:
నేను డీ-అడిక్షన్, అంటే వ్యసనం మాన్పించే వార్డులో పనిచేస్తాను. రెండు విషయాలు చెప్తాను.

రోజూ తాగినవాడు ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే మొదలవుతుంది. నిద్ర రాదు, అన్నం సయించదు, ఊరికే కోపం. మొదటి వారమే గండం. మొన్న ఒక పిల్లోడు రాత్రంతా దుప్పటి అంచు దారాలు లాగుతూ కూర్చున్నాడు, తెల్లారేసరికి మంచం కింద చిన్న దూది కుప్పలాగా పడున్నాయి. వాళ్లమ్మ అవి ఏరి కొంగులో మూట కట్టుకుంది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని. గంజాయికి ఇదీ మందు అని చెప్పే మాత్ర లేదు. మాటలు, నిద్ర సరిచేయడం, ఇంటివాళ్ల తోడు, అంతే.

రెండోది మూత్రపరీక్ష. చానా కాలం రోజూ తాగినవాడు ఆపేసినా కొన్ని వారాలు, ఒక్కోసారి నెల దాటి కూడా పాజిటివ్ వస్తుంది. ఇది తెలియని చోట కాగితం చూసి జైలుకి పంపితే, నిజంగా మానేసినవాడు అన్యాయమైపోతాడు. కోర్టు పెట్టేముందు ఆ కాగితం చదవడం నేర్పండి.

ఇంకో మాట. మా వార్డులో ఎక్కువ మంది మందు తాగి వచ్చినవాళ్లే. వాళ్ల మీద ఏ కేసూ ఉండదు. 2019లో బయటికొచ్చిన, కేంద్రం ఎయిమ్స్ చేత చేయించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. కోర్టు వంద మందిని పంపుతానంటే సంతోషమే. మంచాలెక్కడ?

నల్లకోటు:
సిస్టర్ గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. మంచం లేనిదే ఆర్డరు చిత్తుకాగితమే.

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మీ తమ్ముడు తిరిగిన కోర్టు వేరు. అక్కడ వాయిదా అంటే పేరు పిలవడం, తేదీ వేయడం. మధ్యలో జడ్జి మారిపోతాడు. రెండేళ్లలో వాణ్ణి ‘ఎట్లున్నావు’ అని ఒక్కరన్నా అడిగినారా? డ్రగ్ కోర్టులో అసలు పని ఆ ప్రశ్నే. జైలు భయం ఒక్కటే పనిచేస్తుందని నేననను. 2012లో 154 పరిశీలనలని కలిపి చూసిన సమీక్ష ఉంది. పెద్దవాళ్ల డ్రగ్ కోర్టుల్లో, మామూలుగా 50 శాతం మళ్లీ నేరంలో పడే చోట అది 38 శాతం దగ్గరకి తగ్గింది. పిల్లల డ్రగ్ కోర్టుల్లో మాత్రం ప్రయోజనం బాగా తక్కువ. కాబట్టి పద్దెనిమిది నిండని పిల్లోళ్ల విషయంలో మీ మాటలో బలముంది.

హెడ్డు గారూ, చట్టం బరువు చూసి తేడా కడుతుంది.

బుధవారపేట అక్క:
ఎట్లున్నావని ఎవరూ అడగలేదు. అది నిజం.

అయినా ఆ ప్రశ్న అడగడానికి బోనెందుకు అని నా ప్రశ్న ఇంకా అట్లే ఉంది.

తుంగభద్ర గట్టు:
రాత్రి ఇదంతా మావాడికి చదివి వినిపించినా. దుప్పటి దారాల దగ్గరకొచ్చేసరికి లేచి పంపు కాడికి పోయి మొహం కడుక్కొచ్చినాడు. ‘అది నేను కాదు గదా మామా’ అన్నాడు. కాసేపటికి, ‘ఎన్ని రోజులు ఉండాల?’ అని వాడే అడిగినాడు.

ఫైను కట్టడం లేదు. సోమవారం వాణ్ణి ఓపీకి తీసుకుపోతున్నా. వకీలు సారూ, 64ఎ కింద పిటిషన్ వేయడానికి ఆసుపత్రి నుంచి ఏయే కాగితాలు తెచ్చుకోవాలో రాయండి. సిస్టర్, ఆ మొదటి వారం రాత్రిళ్లు వాడి పక్కన నేనే ఉంటా, మా అక్క తట్టుకోలేదు. మగవాళ్లని వార్డులో తోడు ఉండనిస్తారా?

వార్డు సిస్టర్:
ఉండొచ్చు అన్నా. ఫోను మాత్రం వాడి చేతికివ్వొద్దు. పొద్దున ఎనిమిదికే రండి, ఓపీ చీటీకి వరుస పెద్దదిగా ఉంటుంది. ఈలోపు ఏదన్నా అయితే ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేయండి, డబ్బులు పడవు.